మనిషి రోగనిరోధక వ్యవస్థ ఉన్న ఎలుక: అందులో మనిషిది ఎంత, ఎలుకది ఎంత?

ఎమ్మెస్సీ చివరి ఏడాది ప్రాజెక్టు కోసం మీరు చేరిన ల్యాబ్‌లో "హ్యూమనైజ్డ్ మైస్" అనే మాట విన్నారని, ఎలుక ఒంట్లో మనిషి రోగనిరోధక వ్యవస్థను ఎలా పెడతారో ఎవరూ వివరంగా చెప్పలేదని రాశారు. చివర్లో ఇంకో ప్రశ్న కూడా వేశారు: "అది నిజంగా మనిషి ఇమ్యూన్ సిస్టమే అయితే, ఆ ఎలుకల్లో బాగా పనిచేసిన మందులు ఆసుపత్రికి వచ్చేసరికి ఎందుకు ఫెయిల్ అవుతున్నాయి?" ఈ రెండో ప్రశ్న కోసమే ఇంత పొడుగ్గా రాస్తున్నాను. నేను పదకొండేళ్లు ఈ ఎలుకలతోనే పనిచేశాను. మొదట అమెరికాలో పోస్ట్‌డాక్‌గా, ఆ తర్వాత హైదరాబాద్‌లో. మొదటి మూడేళ్లు ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. తట్టి ఉంటే కొన్ని ఎలుకల ప్రాణాలు మిగిలేవి.

ముందు సూటిగా ఒక మాట చెప్తాను. ఆ ఎలుక ఎలుకే. చర్మం, పేగులు, కాలేయం, రక్తనాళాలు, మెదడు అన్నీ ఎలుకవే. దాని మూలుగలో మాత్రం మనిషి రక్త మూలకణాలు కాపురం ఉంటాయి. వాటి నుంచి పుట్టిన తెల్లకణాలు దాని రక్తంలో, ప్లీహంలో తిరుగుతుంటాయి. సైనికులు మనవాళ్లు, కోట ఎలుకది. ఆ సైనికులకు తిండి, శిక్షణ, ఆజ్ఞలు చాలావరకు ఎలుక ఒళ్లే ఇస్తుంది. మీ రెండో ప్రశ్నకు జవాబంతా ఇందులోనే ఉంది, కాస్త ఓపికగా చదవండి.

మామూలు ఎలుకకూ రోగనిరోధక వ్యవస్థ ఉంది కదా, మందులు దానిలోనే పరీక్షిస్తే పోదా అని అనిపించవచ్చు. చాలా పనులకు అది సరిపోతుంది కూడా. కానీ ఎలుకలూ మనమూ ఒకే పూర్వీకుల నుంచి విడిపోయి సుమారు ఎనిమిది కోట్ల ఏళ్లు అయింది. మన తెల్లకణాల్లో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ ఉంటాయి, ఎలుక రక్తంలో లింఫోసైట్లదే పైచేయి. హెచ్ఐవీ పట్టుకునేది మనిషి సీడీ4 ప్రోటీన్‌ని కాబట్టి అది ఎలుక కణంలోకి వెళ్లలేదు. డెంగీ వైరస్‌ను మామూలు ఎలుకకు ఎక్కిస్తే మనకు వచ్చే జబ్బు దానికి రాదు. మీ మందు మనిషి ప్రోటీన్‌ను మాత్రమే గుర్తుపట్టే యాంటీబాడీ అయితే, ఎలుకలో దానికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

ఇలాంటి తేడా ఎంత పని చేయగలదో లండన్‌లో 2006 మార్చి 13న తెలిసింది. నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రి ఆవరణలో ఉన్న పరీక్షా కేంద్రంలో ఆరుగురు ఆరోగ్యవంతులైన మగవాళ్లకు టీజీఎన్1412 అనే యాంటీబాడీ ఎక్కించారు. టీ కణాలు అనే తెల్లకణాల మీద ఉండే సీడీ28 ప్రోటీన్‌ను పట్టుకుని ఆ కణాలను ఉసిగొలిపే మందు అది. కోతుల్లో ప్రమాదం లేదని తేలిన మోతాదులో ఐదువందల వంతే ఇచ్చారు. అదీ ఒకరికి ఇచ్చి ఒక రోజు ఆగకుండా, కొద్ది నిమిషాల తేడాతో వరసగా అందరికీ ఇచ్చేశారు. గంటన్నర తిరక్కుండానే తలనొప్పి, నడుంనొప్పి, జ్వరం మొదలయ్యాయి. ఆరుగురూ ఐసీయూలో చేరారు, అవయవాలు దెబ్బతిన్నాయి. అందరూ బతికి బయటపడ్డారు గానీ, ఒకరికి కాలివేళ్లు, చేతివేళ్ల కొసలు పోయాయి.

కారణం తర్వాత బయటపడింది. ఒకసారి శత్రువును చూసి, మళ్లీ పోరాడటానికి సిద్ధంగా ఉండే సీడీ4 టీ కణాల మీద మనకు సీడీ28 ఉంటుంది. మకాక్ కోతుల్లో అవే కణాల మీద అది ఉండదు. కాబట్టి కోతి ఒంట్లో ఆ మందుకు కదిలించాల్సిన సైన్యమే కనబడలేదు. ఆ తర్వాతి ఏళ్లలో మనిషి కణాలు పెంచిన ఎలుకలకు అదే తరహా యాంటీబాడీ ఇచ్చి చూస్తే, ఒంటి వేడి పడిపోయింది, రక్తంలో మనిషి సైటోకైన్లు, అంటే రోగనిరోధక కణాలు ఒకదానికొకటి పంపుకునే సంకేత ప్రోటీన్లు, పొంగాయి. కోతిలో కనబడని ప్రమాదం ఎలుకలో కనబడింది. నేను ఈ రంగంలోకి రావడానికి కారణం ఈ ఒక్క విషయమే.

ఇక తయారీ సంగతి. కొత్తవాళ్లు కాపురం రావాలంటే ఇల్లు ముందు ఖాళీ కావాలి. ఎలుకకు తన రోగనిరోధక శక్తి ఉన్నంతకాలం మనిషి కణాలను పరాయివిగా పట్టుకుని చంపేస్తుంది. దాన్ని ఖాళీ చేయడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. మొదటి అడుగు అనుకోకుండా పడింది: 1960ల్లో గ్లాస్గోలో వెంట్రుకలు లేని ఎలుకలు కొన్ని పుట్టాయి. టీ కణాలు తయారయ్యే థైమస్ అనే గ్రంథి కూడా వాటికి లేదని, అందుకే టీ కణాలు తయారు కావడం లేదని 1968లో తేలింది. మనిషి కణితి ముక్కను చర్మం కింద పెడితే వాటిలో పెరిగేది. అయితే యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు, పరాయి కణాలను చంపే ఎన్‌కే కణాలు ఉండటంతో మనిషి రక్తకణాలకు మాత్రం అక్కడ చోటు దొరకలేదు.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో మెల్విన్ బోస్మా బృందం 1983లో స్కిడ్ ఎలుకను ప్రకటించింది. దానికి టీ కణాలూ లేవు, బీ కణాలూ లేవు. ఈ రెండు రకాల కణాలూ తమ గ్రాహకాలను తయారు చేసుకోవడానికి డీఎన్ఏను కత్తిరించి అతుక్కోవాలి. ఆ అతుకు వేసే ప్రోటీన్ ఒకటి స్కిడ్ ఎలుకలో చెడిపోయి ఉంటుంది. మిగతా ఒంట్లో కూడా డీఎన్ఏ మరమ్మతుకు అదే కావాలి కాబట్టి స్కిడ్ ఎలుకలు రేడియేషన్‌ను తట్టుకోలేవు. మీరు ల్యాబ్‌లో వీటికి రేడియేషన్ ఇచ్చేటప్పుడు మామూలు ఎలుకల మోతాదు వాడితే చచ్చిపోతాయి. ఈ సంగతి ఇప్పుడే గుర్తుపెట్టుకోండి.

1988లో రెండు బృందాలు విడివిడిగా స్కిడ్ ఎలుకలో మనిషి కణాలు నిలబెట్టాయి. మెక్యూన్ బృందం పిండం నుంచి తీసిన థైమస్, కాలేయం ముక్కలు పెట్టింది. మోసియర్ బృందం పెద్దవాళ్ల రక్తంలోని తెల్లకణాలను కడుపులోకి ఎక్కించింది. రెండింటిలోనూ కణాలు నిలిచాయి గానీ కొద్దిగానే. ఎన్‌కే కణాలు ఇంకా కాపలా కాస్తూనే ఉన్నాయి.

ఐఎల్-2 అనే సైటోకైన్‌ను అందుకునే గ్రాహకంలోని గామా గొలుసు జన్యువును చెడగొట్టాక ఆ కాపలా పోయింది. ఐఎల్-2, 4, 7, 9, 15, 21 అనే ఆరు సైటోకైన్ల మాట కణానికి వినబడాలంటే ఈ గొలుసు ఉండాలి. అది లేకపోతే ఎన్‌కే కణాలు పుట్టవు. మనుషుల్లో ఇదే జన్యువు చెడిపోతే ఏమవుతుందో టెక్సాస్‌లో 1971 నుంచి 1984 వరకు ప్లాస్టిక్ బుడగలో బతికిన డేవిడ్ వెటర్ అనే పిల్లవాడి కథ చెబుతుంది. ఆ బాబును బతకనివ్వని లోపమే, ఎలుకలో కావాలని చేస్తే, ఈ రంగానికి తలుపు తెరిచింది. జపాన్‌లో 2002లో ఎన్ఓజీ ఎలుక, అమెరికాలోని జాక్సన్ లేబొరేటరీలో 2005లో ఎన్ఎస్‌జీ ఎలుక వచ్చాయి. మీ ల్యాబ్‌లో ఉన్నవి దాదాపుగా ఈ రెండింట్లో ఒకటో, వాటి పిల్లల వంశమో అయి ఉంటాయి.

ఈ పేర్లలో ముందున్న ఎన్ అక్షరం ఎన్ఓడీ అనే ఎలుకది. అది జపాన్‌లో షుగర్ వ్యాధి అధ్యయనం కోసం పెంచిన వంశం. మనిషి కణాలు వేరే వంశాల కంటే దానిలోనే బాగా నిలుస్తున్నాయని అందరూ చూశారు, ఎందుకో ఏళ్ల తరబడి తెలియలేదు. 2007లో టొరంటో శాస్త్రవేత్తలు కారణం పట్టుకున్నారు. మన కణాల మీద సీడీ47 అనే ప్రోటీన్ ఉంటుంది, అది మాక్రోఫేజ్‌కు, అంటే పరాయి కణాలను మింగే తెల్లకణానికి, "నన్ను తినకు" అని చెప్పే గుర్తు. మాక్రోఫేజ్ మీద సిర్ప్ ఆల్ఫా అనే ప్రోటీన్ ఆ గుర్తును చదవాలి. మామూలు ఎలుక సిర్ప్ ఆల్ఫా మన సీడీ47ను సరిగా చదవలేదు. ఎన్ఓడీ ఎలుకలో మాత్రం అది యాదృచ్ఛికంగా మనదానికి గట్టిగా అతుక్కునే రూపంలో ఉంది. షుగర్ కోసం పెంచిన ఎలుకలో మన కణాలకు రక్షణ దొరకడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇల్లు ఖాళీ అయ్యాక కాపురం పెట్టించడం. ఎక్కువగా వాడేది బొడ్డుతాడు రక్తం. కాన్పు తర్వాత మాయతో పాటు పారేసే రక్తమే ఇది. తల్లి ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, ఆమె పేరు ల్యాబ్‌కు రాకూడదు. మాకు ఫోన్ వచ్చేది ఎక్కువగా రాత్రిపూట. ఒక రోజులోపు పని ముగించకపోతే కణాలు చచ్చిపోవడం మొదలవుతుంది. రక్తాన్ని సాంద్రత తేడాతో వేరుచేసి తెల్లకణాల పొరను తీస్తాం. అందులో సీడీ34 గుర్తు ఉన్న మూలకణాలు నూటికి ఒకటి మాత్రమే. వాటికి సన్నని అయస్కాంత పూసలు అతికించి, అయస్కాంతం మధ్య పెట్టిన కాలమ్ గుండా పోస్తే అవి అక్కడ ఆగుతాయి, మిగతావి కిందికి పోతాయి. మంచి యూనిట్ అయితే పది, ఇరవై లక్షల మూలకణాలు వస్తాయి. పిల్ల ఎలుకకు సుమారు ఒక లక్ష. అంటే ఒక తల్లి ఇచ్చిన రక్తం నుంచి పది, ఇరవై ఎలుకలు.

ఎలుక పిల్లలు పుట్టిన ఒకటి నుంచి మూడు రోజుల లోపు అయితే బాగుంటుంది. అప్పుడు వాటి చర్మం ఇంకా పారదర్శకంగా ఉంటుంది, పొట్టలో పాలు తెల్లగా కనిపిస్తాయి. ఆ పాల మచ్చకు పక్కనే ముదురు ఎరుపులో కాలేయం కనబడుతుంది. ఆ వయసులో కాలేయంలో ఇంకా రక్తం తయారవుతూ ఉంటుంది కాబట్టి మూలకణాలను నేరుగా అక్కడికే ఎక్కిస్తాం. అంతకుముందు వంద సెంటీగ్రే రేడియేషన్ ఇస్తాం. మూలుగలో ఉన్న ఎలుక మూలకణాలు కొన్ని తప్పుకుని చోటిస్తాయి. సూది సన్ననిది, ద్రవం ఒక చుక్కంత. చేతి వణుకు ఉంటే ఈ పని కాదు.

ఒక చిన్న విషయం పేపర్లలో రాయరు. పిల్లలను తిరిగి బోనులో పెట్టేటప్పుడు మా చేతి తొడుగుల వాసన ఉంటే తల్లి వాటిని దగ్గరికి తీయదు, ఒక్కోసారి తినేస్తుంది. మా దగ్గర ఎలుకలను చూసుకునే అన్న ఒకరు ఉండేవారు. ఆయన ఆ బోనులోని పడక పొట్టునే పిల్లల ఒంటికి మెల్లగా రుద్ది, తల్లిని కాసేపు పక్కన పెట్టి, పిల్లలన్నిటినీ ఒకచోట కుప్పగా చేసి, అప్పుడు తల్లిని వదిలేవారు. ఆయన వచ్చాక మాకు పిల్లలు పోవడం బాగా తగ్గింది. మీ ల్యాబ్‌లో అలాంటివారు ఉంటే, ప్రొఫెసర్ కంటే ముందు వారి దగ్గర నేర్చుకోండి.

ఆ తర్వాత ఎదురుచూడటమే. బీ కణాలు ముందు వస్తాయి, టీ కణాలు ఆలస్యంగా వస్తాయి. పన్నెండు వారాలకు బుగ్గ దగ్గర నుంచి కొద్ది చుక్కల రక్తం తీసి, కణాలను రకాలవారీగా లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్‌లో చూస్తాం. సీడీ45 తెల్లకణాల మీద ఉండే గుర్తు; మనిషి సీడీ45 ఉన్న కణాలు, ఎలుక సీడీ45 ఉన్న కణాలు వేరువేరుగా లెక్కపెడతాం. మొత్తం తెల్లకణాల్లో నూటికి పాతిక మనిషివైతే ఆ ఎలుక ప్రయోగానికి పనికొస్తుందని చాలామంది అనుకునే గీత. ఒకే రోజు, ఒకే చేత్తో, ఒకే దాత కణాలు ఎక్కించిన తోబుట్టువుల్లో కూడా ఒకదానిలో పది శాతం, ఇంకోదానిలో అరవై రావచ్చు. దాత మారితే తేడా ఇంకా పెరుగుతుంది.

నా తప్పు ఒకటి చెప్పాలి. ఒకసారి అర్ధరాత్రి వచ్చిన యూనిట్‌ను కాలమ్ గుండా ఒక్కసారే పోసి ఆపేశాను. రెండోసారి పోస్తే మూలకణాలు కొన్ని పోతాయని, పిల్ల ఎలుకలు ఎక్కువ ఉన్నాయని అలా చేశాను. మూలకణాలతో పాటు పండిన టీ కణాలు కొన్ని కలిసిపోయాయి. ఐదో వారానికి ఎలుకలు వీపు వంచుకుని మూలన కూర్చోవడం, బొచ్చు రేగిపోవడం, బరువు తగ్గడం మొదలైంది. ఆ టీ కణాలు ఎలుక ఒంటిని పరాయిదిగా చూసి దాడి చేస్తున్నాయి. దీన్నే గ్రాఫ్ట్ వర్సెస్ హోస్ట్ జబ్బు అంటారు. మూలుగ మార్పిడి చేయించుకున్న రోగులకు వచ్చేదీ ఇదే. పద్నాలుగు ఎలుకలను ఆ వారమే బాధలేకుండా ముగించాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి టీ కణాలు ఎన్ని మిగిలాయో లెక్క చూడకుండా ఒక్క పిల్లకూ సూది వేయలేదు.

పెద్దవాళ్ల రక్తం నుంచి తీసిన తెల్లకణాలు నేరుగా ఎక్కించే పద్ధతిలో ఈ జబ్బు ఎలాగూ వస్తుంది. నాలుగు నుంచి ఆరు వారాల కిటికీ దొరుకుతుంది, ఆలోపు ప్రయోగం ముగించాలి. త్వరగా, చవకగా అయిపోతుంది కాబట్టి కంపెనీలు ఎక్కువగా వాడేది ఇదే. మూడో పద్ధతి బీఎల్‌టీ, 2006లో వచ్చింది: పిండపు కాలేయం, థైమస్ ముక్కలను ఎలుక మూత్రపిండం పొర కింద పెట్టి, అదే పిండం మూలకణాలను కూడా ఎక్కిస్తారు. టీ కణాల విషయంలో దీన్ని మించింది లేదు, ఎందుకో కింద చెప్తాను. కానీ గర్భస్రావం తర్వాతి కణజాలం కావాలి. అమెరికాలో దీనికి ప్రభుత్వ నిధుల మీద 2019లో ఆంక్షలు వచ్చాయి, 2021లో వాటిని సడలించారు. నేను ఈ పద్ధతిని ఎప్పుడూ ఎంచుకోలేదు, చేసేవాళ్లను తప్పుపట్టనూ లేదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. కోట ఎలుకది అన్నాను కదా. టీ కణాలకు బడి థైమస్. ఎవరిని మనవాళ్లుగా చూడాలో, ఎవరిని శత్రువుగా చూడాలో అక్కడే నేర్చుకుంటాయి. బొడ్డుతాడు కణాలు ఎక్కించిన ఎన్ఎస్‌జీ ఎలుకలో ఉన్న థైమస్ ఎలుకది. అందులో చదువుకున్న మన టీ కణాలు ఎలుక కణాల గుర్తుల మీద వచ్చే ప్రోటీన్ ముక్కలను చదవడం నేర్చుకుంటాయి, మన కణాల మీద ఉండే హెచ్ఎల్ఏ అనే గుర్తుల మీద వచ్చేవాటిని సరిగా చదవలేవు. భాష వచ్చినవాళ్లే, కానీ వేరే లిపిలో అక్షరాభ్యాసం అయింది. దీనికోసమే బీఎల్‌టీలో మనిషి థైమస్ ముక్క పెడతారు, లేదా హెచ్ఎల్ఏ జన్యువు చేర్చిన ఎలుకలను వాడతారు.

లింఫు గ్రంథుల సమస్య ఇంకా పెద్దది. గామా గొలుసు తీసేస్తే, ఆ గ్రంథులను కట్టే కణాలు కూడా తగ్గిపోతాయి. కాబట్టి ఈ ఎలుకల్లో లింఫు గ్రంథులు ముడుచుకుపోయి ఉంటాయి. బీ కణాలు తమ యాంటీబాడీలకు పదును పెట్టుకునేది ఆ గ్రంథుల్లోనే. అవి సరిగా లేకపోతే టీకా వేసినా తొలి రకం ఐజీఎం యాంటీబాడీలే ఎక్కువ వస్తాయి, పదునుపెట్టిన ఐజీజీ చాలా తక్కువ. మామూలు ఎన్ఎస్‌జీ ఎలుకలో టీకా పనిచేయలేదని ఎవరైనా చెబితే, తప్పు టీకాదా గ్రంథిదా అని తప్పక అడగండి.

మూడోది సైటోకైన్లు. ఐఎల్-3, జీఎం-సీఎస్ఎఫ్ లాంటివి ఎలుకవి మన కణాలకు పనిచేయవు, కొన్ని అరకొరగా పనిచేస్తాయి. అందుకే మామూలు ఎన్ఎస్‌జీలో మన మోనోసైట్లు (మాక్రోఫేజ్‌లుగా మారగల తెల్లకణాలు), మాక్రోఫేజ్‌లు చాలా తక్కువ పుడతాయి. యేల్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ఫ్లావెల్ బృందం 2014లో ప్రకటించిన మిస్‌ట్రగ్ ఎలుకలో ఆ జన్యువుల చోట మనిషి జన్యువులనే పెట్టారు. అప్పుడు మోనోసైట్లు నిజంగానే వచ్చాయి. కానీ ఆ ఎలుకలకు రక్తహీనత వచ్చి తొందరగా పోతాయి, ఎందుకంటే మన మాక్రోఫేజ్‌లు ఎలుక ఎర్రకణాలను తినేస్తాయి. ఒక లోటు పూడిస్తే ఇంకోటి బయటపడుతుంది. 2024లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో నుంచి వచ్చిన టీహెచ్ఎక్స్ ఎలుకలో రేడియేషన్ లేకుండా మూలకణాలను గుండె ఎడమ గదిలోకి ఎక్కించి, తర్వాత తాగే నీళ్లలో ఈస్ట్రోజన్ హార్మోన్ కలిపారు. లింఫు గ్రంథులు వచ్చాయని, పదునైన ఐజీజీ వచ్చిందని చూపించారు. నాకు చాలా ఆశ కలిగించిన పని అది. వేరే ల్యాబ్‌ల చేతుల్లో కూడా అలాగే వస్తే ఈ రంగం మారిపోతుంది.

ఈ లోటుపాట్లన్నీ ఉన్నా ఇవి మనుషులకు మేలు చేశాయి. 2008లో బీఎల్‌టీ ఎలుకలకు టెనోఫోవిర్, ఎమ్‌ట్రిసిటాబిన్ అనే హెచ్ఐవీ మందులు ముందే ఇచ్చి, తర్వాత యోని మార్గంలో హెచ్ఐవీ తగిలిస్తే మందు తీసుకున్న వాటిలో ఒక్కదానికీ సోకలేదు. అదే జంట మాత్రను 2012లో అమెరికాలో ముందుజాగ్రత్త మందుగా ఆమోదించారు. డెంగీకి కూడా ఇలాగే. వానాకాలం మొదలైతే మన ఊళ్లలో ప్లేట్‌లెట్ లెక్క అడగని ఇల్లు ఉండదు. మనిషి కణాలున్న ఎలుకలో జ్వరం, దద్దుర్లు, ప్లేట్‌లెట్లు పడిపోవడం మూడూ కనిపించాయి. సూదితో ఎక్కించినప్పటి కంటే దోమతో కుట్టించినప్పుడు జబ్బు ఇంకా ఎక్కువైంది. అంటే దోమ ఉమ్మి కూడా జబ్బులో పాలుపంచుకుంటోంది.

నాకు అన్నిటికంటే నచ్చినది కార్-టీ కథ. క్యాన్సర్ రోగి టీ కణాలను మార్చి తిరిగి ఎక్కిస్తే కొందరిలో విపరీతమైన జ్వరం, బీపీ పడిపోవడం వస్తాయి. చాలాకాలం ఎన్ఎస్‌జీ ఎలుకల్లో ఆ జ్వరం కనబడలేదు. మందు సురక్షితం అనుకోవడానికి అది చాలదు, ఎందుకంటే ఆ ఎలుకల్లో మనిషి మోనోసైట్లు లేవు. 2018లో ఇటలీలోని మిలాన్ బృందం మనిషి సైటోకైన్లు చేర్చిన ఎలుకల్లో మోనోసైట్లను పెంచి చూస్తే, జ్వరం వచ్చింది. ఐఎల్-6, ఐఎల్-1 రెండూ ఆ మోనోసైట్ల నుంచే వస్తున్నాయి. ఐఎల్-6ను అడ్డుకునే టోసిలిజుమాబ్ జ్వరాన్ని ఆపింది గానీ మెదడు దెబ్బతినడాన్ని ఆపలేదు. ఐఎల్-1ను అడ్డుకునే అనకిన్రా రెండింటినీ ఆపింది. అదే ఏడాది న్యూయార్క్ బృందం వేరే దారిలో వెళ్లి ఐఎల్-1 దగ్గరికే చేరింది. ఒక్క రకం కణం లేకపోతే ఒక ప్రమాదం మొత్తం కనబడకుండా పోతుందని నేను విద్యార్థులకు చెప్పేది ఈ ఉదాహరణతోనే.

ఒక పొరపాటు మాత్రం పడకండి. మనిషి యాంటీబాడీ జన్యువులు పెట్టిన ఎలుకలు వేరు. వాటి రోగనిరోధక వ్యవస్థ ఎలుకదే, తయారయ్యే యాంటీబాడీ మాత్రం మనిషిది. పానిటుముమాబ్, ఇపిలిముమాబ్, నివోలుమాబ్ అలాంటి ఎలుకల నుంచే వచ్చాయి. పేపర్లలో రెండింటికీ "హ్యూమనైజ్డ్" అనే మాటే వాడేస్తారు.

ఇక మందులు ఎందుకు ఫెయిల్ అవుతాయంటే, పైన చెప్పినవాటికి తోడు ఇంకో కారణం ఉంది: దాతల సంఖ్య. ఇరవై ఎలుకల్లో మందు పనిచేసిందని పేపర్ చెబుతుంది. ఆ ఇరవైలోనూ ఉన్నది ఒకే బిడ్డ బొడ్డుతాడు రక్తం అయితే, మీరు మందును ఒక్క మనిషి మీద ఇరవైసార్లు పరీక్షించినట్టే. పైగా ఆ కణాలు అప్పుడే పుట్టిన బిడ్డవి, ఏ ఇన్ఫెక్షనూ చూడనివి. రేపు మందు వాడేది షుగర్, బీపీ ఉండి, జీవితమంతా రకరకాల జ్వరాలు చూసిన అరవై ఏళ్ల మనిషి. ఎలుకలో పెట్టిన కణితికి, ఎక్కించిన రోగనిరోధక కణాలకు దాతలు వేరైతే, ఆ కణాలు కణితిని క్యాన్సర్ అని కాక పరాయిదని చంపుతూ ఉండవచ్చు. మందు పనిచేసిందనుకుని సంతోషపడతాం.

మన దేశంలో చేయాలంటే అనుమతులు మూడు చోట్ల కావాలి: సంస్థలోని జంతు నైతిక కమిటీ, బొడ్డుతాడు రక్తం కోసం మనుషుల మీద పరిశోధన చూసే నైతిక కమిటీ, మూలకణాల పరిశోధన కమిటీ. జంతు ప్రయోగాలను పై నుంచి చూసే కేంద్ర కమిటీని ఇదివరకు సీపీసీఎస్ఈఏ అనేవారు, ఇప్పుడు సీసీఎస్ఈఏ అంటున్నారు. హైదరాబాద్ దగ్గర జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ వారి జాతీయ జంతు వనరుల కేంద్రం ఉంది, శిక్షణకు అవకాశం దొరికితే వదులుకోకండి. ఈ ఎలుకలకు జలుబంత సూక్ష్మజీవి కూడా ప్రాణాంతకమే. తిండి, నీళ్లు, పడక పొట్టు అన్నీ ఆటోక్లేవ్ చేయాలి, అంటే ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవులను చంపాలి. గాలి వడగట్టి వచ్చే బోనులు కావాలి. కరెంటు పోతే జనరేటర్ వెంటనే అందుకోవాలి. ఎండాకాలంలో ఒక రాత్రి ఏసీ ఆగి, నేను తెల్లవారుజామున మూడింటికి స్కూటర్ మీద ల్యాబ్‌కు వెళ్లిన రోజు ఉంది. ఆ టెన్షన్ ఈ పనిలో భాగమే.

జంతువులు లేకుండా చేయలేమా అని కూడా అడగాలి, అడుగుతున్నారు కూడా. మందుకు జంతు పరీక్ష తప్పనిసరి కాదని అమెరికా 2022 డిసెంబరులో చట్టం మార్చింది. మన దేశంలో కూడా 2023లో కొత్త మందుల నిబంధనలను సవరించి, కణాలతో, చిప్‌లతో చేసే పద్ధతులకు చోటిచ్చారు. ఒక ప్రశ్నకు గిన్నెలో కణాలు సరిపోతే ఎలుకను వాడకూడదని నేను గట్టిగా నమ్ముతాను. టీజీఎన్1412 ప్రమాదాన్ని మనిషి రక్తకణాలతో, పాత్ర అడుగున యాంటీబాడీని పూతగా పూసి కూడా పట్టుకోవచ్చని ఆ తర్వాత చూపించారు. కానీ మూలకణం మూలుగలో చేరి, ఆరు నెలలు పెరిగి, ఒళ్లంతా తిరిగి ఏం చేస్తుందో చూడాలంటే ఇప్పటికైతే బతికిన ఒళ్లు కావాలి.

మీ ప్రాజెక్టుకు వచ్చేసరికి, సోమవారం వెళ్లగానే ఐదు సంగతులు తెలుసుకుని నోట్‌బుక్‌లో రాయండి. ఎలుక వంశం పేరు పూర్తిగా ఏమిటి. ఎక్కించినవి మూలకణాలా, పండిన తెల్లకణాలా. దాతలు ఎంతమంది. ఎక్కించి ఎన్ని వారాలైంది. రక్తంలో మనిషి సీడీ45 ఎంత, అందులో సీడీ3 (టీ కణాలు), సీడీ19 (బీ కణాలు), సీడీ33 (మోనోసైట్ల తరహా కణాలు) ఎంతెంత. సీడీ33 దగ్గర అంకె సున్నాకు దగ్గరగా ఉంటే, ఆ ఎలుకలో మీరు చూసే ఏ వాపుకీ, జ్వరానికీ మనిషి మోనోసైట్లు కారణమని రాయకండి. బరువు వారానికి రెండుసార్లు తూచండి. పది శాతం తగ్గితే ఎదురుచూడకుండా పశువైద్యుడికి చెప్పండి. ఆ ఐదు జవాబులూ దొరికాక ఇక్కడే రాయండి, ఆ ఎలుకతో మీ ప్రశ్నకు జవాబు వస్తుందో రాదో కలిసి చూద్దాం.